క్లినికల్ పోస్టింగ్స్: ఏది తెర మీద నేర్చుకోవాలి, ఏది మంచం పక్కన? (విశాఖ మెడికోల చర్చ)

మూడో_ఏడాది_మెడికో
అందరికీ నమస్కారం. క్లినికల్ పోస్టింగ్స్‌లో (వార్డుల్లో పేషెంట్ల దగ్గర నేర్చుకునే శిక్షణలో) కొంత భాగం ఆన్‌లైన్‌కి మార్చితే ఎలా ఉంటుందని చాలాచోట్ల మాట నడుస్తోంది. వైపు తీసుకోకుండా అడుగుతున్నాను. బ్యాచ్‌లు పెరిగాయి, ఒక్కో మంచం చుట్టూ ఇరవై పాతిక మంది. వెనక వరసకి ముందున్నవాళ్ళ ఏప్రాన్లు తప్ప పేషెంట్ కనిపించడు. అదే కేసు వీడియోలో అయితే అందరిదీ ముందు వరసే కదా? హాజరు రూలు తెలుసు, థియరీకి 75 శాతం, క్లినికల్స్‌కి 80. ప్రశ్న హాజరు గురించి కాదు, చేతికి ఏం వస్తుందన్నది. మొత్తంగా మంచిదా చెడ్డదా అని కాకుండా స్కిల్ వారీగా చెప్తే ఉపయోగం.

దసపల్లా_కొండ (జనరల్ మెడిసిన్)
స్కిల్ వారీగా అడిగావు కాబట్టి సమాధానం సగం నీ లాగ్‌బుక్‌లోనే ఉంది. 2019 బ్యాచ్ నుంచి వచ్చిన సీబీఎంఈ (సామర్థ్యాల ఆధారంగా నడిచే) కరికులంలో ప్రతి కాంపిటెన్సీ (రావాల్సిన నైపుణ్యం) పక్కన కె, కెహెచ్, ఎస్‌హెచ్, పి అని ఏదో ఒకటి ఉంటుంది. జార్జ్ మిల్లర్ 1990లో చెప్పిన పిరమిడ్ మెట్లే ఇవి. కె అంటే తెలియడం, కెహెచ్ అంటే ఎలా చేయాలో తెలియడం. ఈ రెంటికీ తెర చాలు, చాలాసార్లు క్లాసు కన్నా తెరే నయం. ఎస్‌హెచ్ అంటే చేసి చూపించాలి, పి అంటే ఎవరి సాయమూ లేకుండా చేయాలి. అక్కడ తెర పని అయిపోయినట్టే.

ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్) తడమడం తీసుకో. మన్యం నుంచి మలేరియా కేసులు, పిల్లల్లో సికిల్ సెల్ కేసులు వచ్చే చోట ఇది తప్పించుకోలేని కేసు. వీడియోలో అర నిమిషంలో అయిపోతుంది: మోకాళ్ళు మడిపించు, కుడి ఇలియాక్ ఫోసాలో (పొట్ట కుడి కింది మూలలో) చెయ్యి పెట్టు, ఎడమ పక్కటెముకల వైపు జరుపుకుంటూ వెళ్ళు. చూసినవాళ్ళకి అంతా వచ్చేసినట్టే ఉంటుంది. మంచం దగ్గర జరిగేది వేరు. పేషెంట్ ఊపిరి పీల్చగానే విద్యార్థి చెయ్యి కూడా ముందుకి వెళ్ళిపోతుంది. వెళ్ళకూడదు. పీల్చినప్పుడు చెయ్యి ఉన్నచోటే ఉండాలి, ప్లీహం అంచే దిగొచ్చి వేలికి తగలాలి. ఊపిరి వదిలినప్పుడే ఒకటి రెండు సెంటీమీటర్లు జరగాలి.

రెండో తప్పు, నేరుగా ఎడమ పక్కటెముకల కింద మొదలుపెట్టడం. బొడ్డు దాటిన ప్లీహమైతే చెయ్యి దాని మీదే కూర్చుంటుంది, అంచు ఎప్పటికీ దొరకదు, కేస్ షీట్‌లో ‘నాట్ పాల్పబుల్’ (చేతికి అందలేదు) అని పడుతుంది. మూడోది వేళ్ళ కొనలతో పొడవడం, దాంతో పొట్ట బిగుసుకుంటుంది. ఇవన్నీ వీడియోలో చెప్పొచ్చు. చెప్పినా, చేస్తున్నవాడికి తన చెయ్యి కదులుతోందని తెలియదు. పక్కన ఇంకొకరు మణికట్టు పట్టుకుని ‘ఆగు, ఇప్పుడు కాదు’ అంటేనే తెలుస్తుంది. ప్లీహం రెండు మూడు రెట్లు పెరిగితే గానీ చేతికి అందదు కాబట్టి, మొదటిసారి అంచు తగిలినప్పుడు ‘ఇదే’ అని పక్కనున్నవాళ్ళు చెప్పాలి. ఆ ‘ఇదే’ అనే మాట జూమ్‌లో చెప్పలేం.

సీతమ్మధార_స్టెత్ (కార్డియాలజీ)
గుండె శబ్దాలు మాత్రం ఆన్‌లైన్‌లో బాగా నేర్పొచ్చని చాలామంది అంటారు. సగమే నిజం. ఆ సగం కూడా సెట్టింగ్స్ సరిగ్గా ఉంటేనే.

మామూలుగా జరిగేది ఇది: ల్యాప్‌టాప్‌లో మర్మర్ (గుండె చప్పుళ్ళ మధ్య వినిపించే అదనపు శబ్దం) ఫైలు ప్లే చేసి జూమ్‌లో వినిపిస్తారు. జూమ్‌లో నాయిస్ సప్రెషన్ ఉంటుంది, మనిషి మాట కానిదాన్ని ఫ్యాన్ చప్పుడుగానో ఏసీ చప్పుడుగానో లెక్కేసి కొట్టేస్తుంది. మర్మర్ కూడా దానికి ఫ్యాన్ చప్పుడే! అవతల లబ్ డబ్ వినిపిస్తుంది, మధ్యలో ఉండాల్సినది మాయం. ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేసినా ఇంకో అడ్డు ఉంది. ఎస్3, ఎస్4 అనే అదనపు గుండె శబ్దాలు, మిట్రల్ స్టెనోసిస్ (ఎమ్ఎస్, కవాటం సన్నబడటం) రంబుల్ అన్నీ తక్కువ పిచ్. ఫోన్ స్పీకర్ ఆ అడుగు శబ్దాన్ని పలికించలేదు. అయోర్టిక్ రిగర్జిటేషన్ (ఏఆర్, కవాటం లీకవడం) మర్మర్ ఎక్కువ పిచ్ కాబట్టి ఫోన్‌లో కూడా కాస్త తెలుస్తుంది. అందుకే ఆన్‌లైన్‌లో నేర్చుకున్న బ్యాచ్‌కి ఏఆర్ వచ్చి ఎమ్ఎస్ రాదు. తప్పు విద్యార్థి చెవిది కాదు.

సరైన పద్ధతి: ఫైలు ముందే పంపాలి, ఎవరి ఫోన్‌లో వాళ్ళు చెవి మూసే ఇయర్‌ఫోన్స్‌తో వినాలి, జూమ్‌లో మాట్లాడుకోవడం మాత్రమే. డిజిటల్ స్టెతస్కోప్ రికార్డింగ్ అయితే శబ్దంతో పాటు గ్రాఫ్ కూడా కనిపిస్తుంది కాబట్టి మర్మర్ సిస్టోల్‌లో (గుండె ముడుచుకున్నప్పుడు) ఉందా డయాస్టోల్‌లో (వదులైనప్పుడు) ఉందా కంటితో చూడొచ్చు. ఇందులో ఆన్‌లైన్‌దే పైచేయి, ఒకే మర్మర్‌ని యాభైసార్లు వినొచ్చు. ఏ పేషెంటూ యాభైమంది చేత వినిపించుకోడు.

కానీ పరీక్షలో ఫైలు ఇవ్వరు, మనిషిని ఇస్తారు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, ఊపిరి వదిలి ఆపమనాలి, ఏపెక్స్ (గుండె కొన కొట్టుకునే చోటు) వెతికి స్టెత్ బెల్ (తక్కువ పిచ్ వినే గిన్నె వైపు) తేలిగ్గా ఆనించాలి. గట్టిగా నొక్కితే కింద చర్మం బిగిసి బెల్ కాస్తా డయాఫ్రమ్ (ఎక్కువ పిచ్ వినే పొర వైపు) అయిపోతుంది, రంబుల్ పోతుంది. ఇంకో చేత్తో కెరోటిడ్ (మెడ నాడి) పట్టుకుని టైమింగ్ చూడాలి. ఈ వరసంతా మంచం దగ్గరే.

మూడో_ఏడాది_మెడికో
సార్, మరి మంచం దగ్గర కూడా ఒకరు వింటుంటే మిగతావాళ్ళు ఊరికే నిలబడటమే కదా?

సీతమ్మధార_స్టెత్
రెండు జతల ఇయర్‌పీస్‌లున్న టీచింగ్ స్టెతస్కోప్ దొరుకుతుంది. నేర్పేవాళ్ళూ నేర్చుకునేవాళ్ళూ ఒకేసారి వింటారు. బ్లూటూత్ స్టెత్ కన్నా చాలా చవక, ఛార్జింగ్ గోల లేదు. యూనిట్‌కి ఒకటి ఉంటే చాలు.

ఎంవీపీ_కాలనీ (రేడియాలజీ పీజీ)
అందరూ ఆన్‌లైన్‌ని తక్కువ చేస్తున్నారు కాబట్టి దాని తరఫున నాలుగు మాటలు. ఎక్స్‌రే, సీటీ, ఈసీజీ, స్లైడ్స్, ఫండస్ (కంటి లోపలి వెనక భాగం), నడక తీరు, ఫిట్స్ వీడియోలు... వీటిలో తెరే మంచిది. పార్కిన్సన్ నడక ఆ రోజు వార్డులో ఉండాలన్న గ్యారంటీ లేదు, లైబ్రరీలో ఎప్పుడూ ఉంటుంది. జేవీపీ (మెడ సిరలో కనిపించే ఒత్తిడి) కూడా స్లో మోషన్ వీడియోలో అర్థమైనంతగా మొదటిసారి మంచం దగ్గర అర్థం కాదు.

కాకపోతే పంపే తీరులోనే చెడగొడుతున్నారు. వ్యూబాక్స్ మీద పెట్టిన ఫిల్ముకి ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. చిన్న న్యూమోథొరాక్స్‌లో (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినప్పుడు) ప్లూరల్ గీత (ఊపిరితిత్తి పొర అంచు) వెంట్రుకంత సన్నగా ఉంటుంది, ముందు పోయేది అదే. కనీసం ‘డాక్యుమెంట్’గా పంపండి. వీలైతే డైకామ్ (స్కాన్ అసలు రూపం) ఫైలే తీసుకుని ఉచిత వ్యూయర్‌లో తెరిస్తే విండో మార్చుకుని ఊపిరితిత్తి, ఎముక వేరువేరుగా చూడొచ్చు. ఈసీజీ అయితే క్రాప్ చేసేటప్పుడు మొదట్లో ఉండే క్యాలిబ్రేషన్ గుర్తు తీసేయకండి. 10 మిల్లీమీటర్లకి 1 మిల్లీవోల్టా, సగానికి తగ్గించి తీశారా అన్నది అక్కడే తెలిసేది. సగం స్టాండర్డ్‌లో తీసిన దాన్ని చూసి ‘లో వోల్టేజ్’ అని అరగంట చర్చించుకున్న గ్రూపులకి కొదవ లేదు.

దసపల్లా_కొండ
ఒప్పుకుంటాను. ఒక్క మినహాయింపు, రంగు. పాలిపోవడం, కామెర్లు కెమెరాలో నేర్పకండి. ఫోన్‌లో ఆటో వైట్ బ్యాలెన్స్ పసుపుని ‘సరిచేసి’ తెల్లగా చూపిస్తుంది. వార్డులో కూడా పసుపు బల్బు కింద కాకుండా పేషెంట్‌ని కిటికీ దగ్గరకి తిప్పి, పగటి వెలుతురులో, కిందికి చూడమని పై రెప్ప ఎత్తి స్క్లీరా (కంటి తెల్లభాగం) చూడాలి. అలాగే స్క్రబ్ టైఫస్ జ్వరం కేసు. ఎస్కార్ (చిన్న పురుగు కుట్టిన చోట పడే మచ్చ) ఫోటో నెట్‌లో అందరూ చూసే ఉంటారు, నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు. ఫోటోలో అది ఎదురుగా ఉంటుంది. మనిషిలో చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో దాక్కుంటుంది. గుర్తుపట్టడం తెర నేర్పుతుంది, వెతకడం నేర్పదు.

చినవాల్తేరు_అక్క (సైకియాట్రీ)
ఇంతవరకూ ఎవరూ హిస్టరీ (పేషెంట్‌ని అడిగి జబ్బు కథ తెలుసుకోవడం) మాట ఎత్తలేదు, విడ్డూరం! హిస్టరీ మాటలే కదా, ఆన్‌లైన్‌లో నేర్చేసుకోవచ్చు అనుకునేవాళ్ళే ఎక్కువ.

కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి చోటికి శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచే కాదు, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ నుంచి కూడా వస్తారు. ఆన్‌లైన్ కేసుల్లో పేషెంట్ ‘నాకు మూడు రోజులుగా వర్టిగో’ అన్నట్టు మాట్లాడతాడు. ఓపీలో వినపడేది ‘కళ్ళు తిరుగుతున్నాయి’. అందులో కనీసం నాలుగు జబ్బులున్నాయి. గది గిర్రున తిరుగుతోందా, లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయా, నడుస్తుంటే ఒళ్ళు తూలుతోందా, లేక ఉత్త నీరసమా? విడదీసి అడగాలి. అదీ ‘తిరగడమా, చీకట్లా?’ అని రెండే ఇచ్చి ఎంచుకోమంటే పేషెంట్ మీ మొహం చూసి మీకు నచ్చేది చెప్తాడు. ‘అప్పుడు ఏం చేస్తున్నారు, కూర్చున్నారా లేచారా, ఏం పట్టుకున్నారు’ అని ఆ క్షణాన్ని చెప్పించాలి. ‘గాబరాగా ఉంది’ అన్నా అంతే, గుండె దడ కావచ్చు, ఆయాసం కావచ్చు, భయం కావచ్చు. ‘గుండెల్లో నొప్పి’ అన్నవాళ్ళ చెయ్యి ఎక్కడికి వెళ్తోందో చూడండి, సగం సార్లు పై పొట్ట మీద ఉంటుంది. జూమ్ కెమెరా మెడ దాకే చూపిస్తుంది.

ఇంకా పక్కన నిలబడ్డ అత్తగారు, అన్నిటికీ తనే సమాధానం చెప్పే భర్త, ఒడిశా నుంచి తోడొచ్చి తర్జుమా చేసే బంధువు. పేషెంట్ నాలుగు వాక్యాలు చెప్తే ఆయన ‘ఏం లేదంట’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఎవరిని బయట కూర్చోమనాలి, ఎలా చెప్తే నొచ్చుకోరు? అందుకు వాడే ‘మీరు కాస్త టీ తాగి రండమ్మా’ ఏ మాడ్యూల్‌లోనూ ఉండదు.

అలాగని ఆన్‌లైన్ వద్దనను. చెడు వార్త చెప్పడం, అనుమతి తీసుకోవడం, ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం, వీటికి మొదటి రెండు మూడు ప్రయత్నాలు నిజం పేషెంట్ మీద చేయకూడదు. ముగ్గురు జూమ్‌లో కూర్చోండి. ఒకరు డాక్టర్, ఒకరు పేషెంట్, ఒకరు చెక్‌లిస్ట్. ఎనిమిది నిమిషాలు, రికార్డు చేసి మళ్ళీ చూసుకోండి. తను ఎన్నిసార్లు మధ్యలో అడ్డుపడ్డాడో రికార్డింగ్‌లో చూస్తే గానీ ఎవరూ నమ్మరు.

మద్దిలపాలెం_స్కిల్‌ల్యాబ్ (అనస్థీషియా)
ప్రొసీజర్ల సంగతి. సీపీఆర్‌కి (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడానికి) నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు. వేగం ఇంట్లో దిండు మీద, మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని వచ్చేస్తుంది. లోతు రాదు, దిండుకి ఎముకల్లేవు. ఇంకోటి, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి. అలసిపోగానే చేతుల మీద ఒరిగిపోవడం మొదలవుతుంది, చేస్తున్నవాళ్ళకి తెలియదు. శిక్షణ బొమ్మ మీద లైటు ఆరిపోతేనే తెలుస్తుంది. కాబట్టి థియరీ, క్విజ్ ఇంట్లో ముగించుకుని రండి, ల్యాబ్‌లో ఉన్న టైమంతా బొమ్మ మీదే.

ఐవీ కాన్యులాలో (సిరలో పెట్టే ప్లాస్టిక్ గొట్టంలో) ఎక్కువగా చెడేది ఒకే చోట. రక్తం కనిపించగానే సూది వెనక్కి లాగేస్తారు. సూది మొన ప్లాస్టిక్ కన్నా కొంచెం ముందుంటుంది, కాబట్టి అప్పటికి సూది సిరలో ఉంది, కాన్యులా ఇంకా బయటే ఉంది. రక్తం కనపడ్డాక కోణం తగ్గించి ఇంకో రెండు మిల్లీమీటర్లు లోపలికి పోనిచ్చి, అప్పుడు ప్లాస్టిక్ మాత్రం జార్చాలి. సూది పూర్తిగా తీసే ముందు టోర్నికే (చేతికి బిగించిన పట్టీ) విప్పాలి, లేదంటే పక్క బట్టలు ఉతుక్కోవాల్సిందే.

వీడియో తీసేవాళ్ళకి ఒక మాట. ఎదురుగా నిలబడి తీయకండి, చేసేవాళ్ళ భుజం మీంచి తీయండి. ఎదురుగా తీస్తే చేసేవాళ్ళ కుడి చెయ్యి చూసేవాళ్ళకి ఎడమ వైపు కనిపిస్తుందని, అలా చూసి నేర్చుకున్నవాళ్ళకి ముడి వేసేటప్పుడు కుడి ఎడమ తారుమారవుతుందని గుర్తుంచుకోండి. కుట్లు మాత్రం ఇంట్లో బాగానే వస్తాయి. ఫోమ్ ముక్కో అరటి తొక్కో చాలు, సూది చర్మంలోకి నిటారుగా దిగుతోందా అన్నది పక్క నుంచి తీసిన వీడియోలో సీనియర్ చూసి చెప్పొచ్చు.

గాజువాక_2వ_యూనిట్ (సర్జరీ అసిస్టెంట్)
నేను కొంచెం చేదుగా మాట్లాడతాను. ‘మంచం పక్కన’ అనగానే అందరూ దండం పెడుతున్నారు. పాతిక మంది చుట్టూ చేరి, ఒకరు కేసు చదివి, సార్ ఇరవై నిమిషాలు హెర్నియా రకాల మీద లెక్చర్ ఇస్తే అది బెడ్‌సైడ్ క్లినిక్ కాదు, నిలబడి వినే థియరీ క్లాసు. దానికన్నా ఆన్‌లైనే మేలు, కనీసం కూర్చుంటారు. లాగ్‌బుక్‌లు టర్మ్ చివర్లో ఒకే పెన్నుతో, ఒకే తేదీతో సంతకాలై వస్తుంటే ఎదురుగా నేర్చుకున్నారని ఎవరు నమ్మాలి?

పోస్టింగ్ రోజుకి మూడు గంటలు. వర్గీకరణలు, కారణాలు, ఆపరేషన్ పేర్లు ముందురోజు రాత్రి పదిహేను నిమిషాల వీడియోలో, ఐదు ప్రశ్నలతో పంపేయండి. జవాబు ఇవ్వనివాళ్ళ పేర్లు పొద్దున్నకి తెలుస్తాయి. తొమ్మిదికి ముగ్గురేసి ఒక్కో పేషెంట్ దగ్గర, ఒకరు అడగాలి, ఒకరు పరీక్షించాలి, ఒకరు చూసి తప్పులు రాయాలి, రేపు పాత్రలు మారాలి. పదికి యూనిట్ అంతా కాదు, ఆరుగురికి మించకుండా ఒక కేసు. మిగతావాళ్ళు ఓపీలో, డ్రెస్సింగ్ రూమ్‌లో, పీజీల దగ్గర. హెర్నియాలో నేర్పాల్సింది పేషెంట్‌ని నిలబెట్టి దగ్గమన్నప్పుడు చేతికి తగిలే ఇంపల్స్ (లోపలి నుంచి వచ్చే తోపు) ఒక్కటే, మిగతాదంతా పుస్తకం. చివరి అరగంటలో ఒకరికి మినీ సీఈఎక్స్ (పేషెంట్ దగ్గర చేయించి చూసే చిన్న పరీక్ష), పదిహేను నిమిషాలు చూసి ఐదు నిమిషాలు చెప్పడం, సంతకం అక్కడికక్కడే.

మూడో_ఏడాది_మెడికో
పరీక్షల ఒత్తిడి కూడా ఉంది సార్. నీట్ పీజీలో 200 ప్రశ్నలూ తెర మీదే. అందుకే వార్డులో కూడా చేతిలో యాప్ ఉంటోంది.

గాజువాక_2వ_యూనిట్
అది అబద్ధం కాదు. యాప్ వద్దనను, వరస మార్చమంటాను. కేసు చూశాక అదే టాపిక్ ప్రశ్నలు ఆ రాత్రే చేస్తే మొహంతో సహా గుర్తుంటుంది. ముందే ప్రశ్నలు బట్టీపట్టి వచ్చినవాళ్ళు పేషెంట్‌లో ఆప్షన్ల కోసం వెతుకుతుంటారు.

గోపాలపట్నం_ఎఫ్‌ఎంజీ (విదేశంలో ఎంబీబీఎస్)
తెర మీద క్లినికల్స్ చాలవని నియంత్రణ సంస్థ కాగితం మీదే చెప్పింది. కోవిడ్, ఉక్రెయిన్ యుద్ధం వల్ల విదేశాల నుంచి వచ్చేసి చివరి ఏడాది ఆన్‌లైన్‌లో ముగించినవాళ్ళకి 2022 జులైలో ఎన్‌ఎమ్‌సీ (జాతీయ వైద్య కమిషన్) ఇచ్చిన ఒకేసారి వెసులుబాటులో ఇంటర్న్‌షిప్ ఒక ఏడాదికి బదులు రెండేళ్ళు చేసింది. విదేశీ పట్టా వాళ్ళ అర్హత పరీక్ష పాసైనా సరే. ‘ఆన్‌లైన్‌తో సరిపెట్టేద్దాం’ అనే కాలేజీలు ఆ లెక్క ఒకసారి చూసుకోవాలి.

పెందుర్తి_కమ్యూనిటీ (కమ్యూనిటీ మెడిసిన్)
రెండు విషయాలు. ఒకటి, టెలీమెడిసిన్ (ఫోన్‌లో, వీడియోలో వైద్యం) కూడా క్లినికల్ స్కిల్లే. 2020 మార్చి 25న వచ్చిన మార్గదర్శకాల్లో ఏ మందు మొదటిసారే వీడియోలో రాయొచ్చు, ఏది ఫాలోఅప్‌లోనే, ఏది అసలు రాయకూడదు అని జాబితాలున్నాయి. ఈ-సంజీవని (ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ) హబ్‌లో డాక్టర్ పక్కన కూర్చుని చూస్తే ఇది ఒక పూటలో అర్థమవుతుంది. వీడియోలో పొట్ట నొప్పి వస్తే పేషెంట్ చేతనే నొక్కించి, దగ్గమని, ఎగిరి దిగమని మొహం చూడాలి.

రెండోది గోప్యత. కేసు ఫోటో గ్రూపులో పెట్టేముందు ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), ఎక్స్‌రే మూల పేరు, చేతి పచ్చబొట్టు చూసుకోండి. ఫోన్‌లో హైలైటర్‌తో నల్లగా గీస్తే అది సగం పారదర్శకం, బ్రైట్‌నెస్ పెంచితే పేరు చదవొచ్చు. నిండు నలుపు పెట్టె పెట్టి, స్క్రీన్‌షాట్ తీసి ఆ స్క్రీన్‌షాట్ పంపండి. పేరు తీసేసినా ‘ఫలానా గూడెం, ఏడేళ్ళ గుంటడు, సికిల్ సెల్’ అని రాస్తే ఆ ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. ఊరు వద్దు, ‘ఏజెన్సీ ప్రాంతం’ చాలు. టీచింగ్ కోసం వీడియోకి సంతకం చికిత్స సంతకంతో కలపకండి, వేరే కాగితం, వాళ్ళ భాషలో.

ఎంవీపీ_కాలనీ
ఘాట్ మీద (ఏజెన్సీ కొండల్లో) పోస్టింగ్ పడ్డవాళ్ళ కోసం: గంట లెక్చర్ వీడియోకి బదులు 64 కేబీపీఎస్ ఆడియో, స్లైడ్స్ పీడీఎఫ్ పెట్టండి. గంట ఆడియో 29 ఎంబీకి మించదు, సిగ్నల్ దొరికిన ఐదు నిమిషాల్లో దిగిపోతుంది.

మూడో_ఏడాది_మెడికో
అందరికీ చాలా థ్యాంక్స్. గాజువాక సార్, ముగ్గురేసి పద్ధతిలో పేషెంట్ ‘ఇప్పటికే నలుగురు చూశారు, ఇంక వద్దు’ అంటే?

గాజువాక_2వ_యూనిట్
దండం పెట్టి వచ్చేయడమే. నర్సింగ్ స్టేషన్‌లో ఒక కాగితం అంటించి మంచం నంబరు ఎదురుగా ఎవరెవరు చూశారో గీతలు పెట్టుకోండి. ఉదయం రెండు బృందాలు దాటితే ఆ మంచం ఆ రోజుకి మూసేసినట్టే. ఆపరేషన్ రోజు, భోజనం టైము, బంధువులొచ్చే టైము అసలు వెళ్ళొద్దు. అడిగేముందు చేతులు రుద్దుకుని వెచ్చచేసుకోండి.